పట్టుకోవడం వేరు, గుర్తుపట్టడం వేరు – డి.ఎన్.ఏ. కత్తెరల కథ

మన శరీరంలోని ఒక్కొక్క జీవకణంలో ఉన్న డి.ఎన్.ఏ. పోగులన్నింటినీ విప్పి కొసకు కొస కలిపితే దాదాపు 2 మీటర్ల పొడవు ఉంటుంది. ఆ పోగుమీద సుమారు 600 కోట్ల అక్షరాల జంటలు వరుసగా పేర్చబడి ఉన్నాయి. గ్రంథం ఇంత పెద్దదైనా అందులోని అక్షరమాల మాత్రం చాలా చిన్నది. ఎ, టి, జి, సి అనే నాలుగే అక్షరాలు! అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు దిద్దుకొని పెరిగిన మనకు ఈ నాలుగక్షరాల లిపి ఏపాటిదని అనిపించవచ్చు. కాని ఒక్కొక్కప్పుడు ఇందులో ఒక్క అక్షరం మారితే చాలు, గుండ్రంగా ఉండవలసిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. ఒక పసిబిడ్డ ప్రాణం ప్రమాదంలో పడుతుంది.

అటువంటి ఒక్క అక్షరపు తేడాను పసిగట్టగల అణువులు ప్రకృతిలో ఉన్నాయి. అవి బాక్టీరియాలలో పుట్టిన ఎంజైములు. లక్షల అక్షరాల నడుమ తమకు కావలసిన ఐదారు అక్షరాల మాటను వెదికి పట్టుకొని, సరిగ్గా ఆ చోటనే డి.ఎన్.ఏ.ను తెగ్గొడతాయి. కళ్ళు లేని ఈ అణువులు అక్షరాలను ఎలా చదువుతాయి? ఒక్క అక్షరం తప్పినా ఎందుకు కత్తిరించవు? ఈ ప్రశ్నలకు రసాయనశాస్త్రం ఇచ్చే సమాధానాన్ని చదువరుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆత్మరక్షణ కోసం పుట్టిన కత్తెర

మనకు వైరస్ రోగాలు వచ్చినట్లే బాక్టీరియాలకూ వస్తాయి. బాక్టీరియాలపై దాడిచేసే వైరస్‌లకు ఫేజ్‌లు అని పేరు. ఒక జాతి బాక్టీరియాలో చక్కగా పెరిగిన ఫేజ్, దానికి దగ్గరి చుట్టమైన మరొక జాతిలో ఏ కొద్దిగానో తప్ప పెరగలేకపోవడాన్ని 1952–53 సంవత్సరాలలో లూరియా, బెర్టానీ మొదలైన శాస్త్రవేత్తలు గమనించారు. బాక్టీరియా ఏదో విధంగా ఫేజ్‌కు ‘కట్టడి’ విధిస్తున్నదని అర్థమైంది. అందుకే ఈ ఎంజైములకు రెస్ట్రిక్షన్ ఎంజైములు, అనగా కట్టడి చేసే ఎంజైములు అనే పేరు స్థిరపడింది. జెనీవాలో వెర్నర్ ఆర్బర్ 1962 నాటికి ఈ కట్టడి యొక్క మర్మాన్ని బయటపెట్టాడు. పరాయి డి.ఎన్.ఏ. లోపలికి రాగానే బాక్టీరియా దానిని ముక్కలు చేస్తున్నది. తన సొంత డి.ఎన్.ఏ.కు మాత్రం ఒక రసాయన ముద్ర వేసి కాపాడుకొంటున్నది.

జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో హామిల్టన్ స్మిత్ 1970లో హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బాక్టీరియా నుండి నిర్ణీతమైన చోట మాత్రమే కత్తిరించే ఎంజైమును వేరుచేసి, అది గుర్తించే అక్షరాల వరుసను కనుగొన్నాడు. అక్కడే డేనియల్ నేథన్స్ 1971లో ఆ ఎంజైముతో ఎస్.వి.-40 అనే వైరస్ డి.ఎన్.ఏ.ను 11 ముక్కలు చేసి చూపించాడు. ఈ ముగ్గురికీ 1978లో నోబెల్ బహుమతి లభించింది. ఆ తరువాత ఇటువంటి ఎంజైములు వేల సంఖ్యలో బయటపడ్డాయి. పుట్టిన బాక్టీరియాను బట్టి వాటికి పేర్లు పెట్టారు. ఎషెరిషియా కోలై అనే బాక్టీరియాలోని ‘ఆర్’ రకం నుండి మొదట దొరికినది ‘ఎకో ఆర్-వన్’. అదే వరుసలో ఐదవ అంకె గలది ‘ఎకో ఆర్-ఫైవ్’. ఈ రెండూ మన కథలో ముఖ్యపాత్రలు.

ఒక జన్యువును కత్తిరించి మరొక జీవిలో అతికించే విద్యకు ఈ కత్తెరలే పునాది. 1982లో అమెరికాలో అనుమతి పొందిన మానవ ఇన్సులిన్, 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ విడుదల చేసిన హెపటైటిస్-బి టీకా, ఈ విద్య ప్రసాదించిన ఫలాలే.

ఇక్కడ ఒక విషయాన్ని మనసులో ఉంచుకోవాలి. ఈ కత్తెర బాక్టీరియా కడుపులోనే, దాని సొంత డి.ఎన్.ఏ. పక్కనే తిరుగుతూ ఉంటుంది. గుర్తుపట్టడంలో పొరపాటు జరిగితే అది ఆత్మహత్యతో సమానం. కనుక ఈ ఎంజైములకు కచ్చితత్వం ఒక అలంకారం కాదు, ప్రాణావసరం.

వికటకవి వంటి మాటలు

తెనాలి రామకృష్ణుని బిరుదుగా మనమందరం ఎరిగిన ‘వికటకవి’ అనే మాటను ఎటునుండి చదివినా ఒకటే. ‘కిటికి’ కూడా అంతే. డి.ఎన్.ఏ. కత్తెరలలో చాలావాటికి ఇటువంటి మాటలంటేనే ఇష్టం. అయితే డి.ఎన్.ఏ. రెండు పోగుల పురి. ఒక పోగులో ‘ఎ’ ఉంటే ఎదురు పోగులో ‘టి’, ఒక దానిలో ‘జి’ ఉంటే ఎదుట ‘సి’ ఉండాలి. పైగా రెండు పోగులూ ఎదురెదురు దిక్కులకు నడుస్తాయి, రెండు వైపులా బండ్లు నడిచే రోడ్డులాగా. ఎకో ఆర్-వన్ గుర్తించే మాట ‘జి-ఎ-ఎ-టి-టి-సి’. దాని ఎదుటి పోగు ‘సి-టి-టి-ఎ-ఎ-జి’. ఎదుటి పోగును దాని దిక్కున, అనగా వెనుక నుండి చదవండి. మళ్ళీ ‘జి-ఎ-ఎ-టి-టి-సి’ వస్తుంది! ఒక పోగుపై ఎడమ నుండి, రెండవ పోగుపై కుడి నుండి నడిచేవారికి ఒకే మాట కనబడుతుందన్న మాట.

ఇందులోని ప్రయోజనం ఏమిటి? ఎకో ఆర్-వన్ ఒంటరి అణువు కాదు. అచ్చు ఒకే రకమైన రెండు ప్రోటీనులు చేతులు కలిపిన జంట. మాట రెండు వైపుల నుండి ఒకేలా ఉన్నది కనుక, జంటలో ఒకరు ఒక సగాన్ని, రెండవవారు రెండవ సగాన్ని చదువుతారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పోగును తెంపుతారు. మూడక్షరాలు చదవగల పనిముట్టును రెండుమార్లు వాడి ఆరక్షరాల మాటను చదవడం ప్రకృతి చూపిన పొదుపు.

ఆరక్షరాల మాటకు ఉన్న విలువ లెక్కవేస్తే తెలుస్తుంది. నాలుగక్షరాలను ఆరు స్థానాలలో 4,096 విధాలుగా అమర్చవచ్చును. కనుక ఒక నిర్ణీతమైన మాట సగటున 4,096 అక్షరాలకు ఒకసారి తటస్థపడుతుంది. లాంబ్డా అనే ఫేజ్ డి.ఎన్.ఏ.లో 48,502 అక్షరాల జంటలు ఉన్నాయి. ఈ లెక్కన ఎకో ఆర్-వన్‌కు 12 చోట్ల పని దొరకాలి. నిజానికి దొరికేవి 5 చోట్లే. ఫేజ్‌లకు శత్రువు కత్తి ఎక్కడ దిగుతుందో ఆ మాటలు తగ్గించుకోవడం లాభమే గదా!

గాడిలో ఉన్న గుర్తులు

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. డి.ఎన్.ఏ. మెలితిరిగిన నిచ్చెన వంటిది. అక్షరాల జంటలు దాని మెట్లు. రెండు పోగులనూ విడదీయకుండా ఎంజైము అక్షరాలను ఎలా చదువుతుంది?

నిచ్చెన మెలితిరగడం వల్ల దాని చుట్టూ రెండు గాడులు ఏర్పడతాయి. ఒకటి వెడల్పైనది, రెండవది ఇరుకైనది. ప్రతి మెట్టు యొక్క ఒక అంచు వెడల్పు గాడిలోకి, రెండవ అంచు ఇరుకు గాడిలోకి తొంగిచూస్తూ ఉంటుంది. ఈ అంచులపై ఉన్న పరమాణువులే ఎంజైము చదివే గుర్తులు. వీటిలో కొన్ని హైడ్రోజన్ బంధానికి తమ హైడ్రోజన్‌ను ఇవ్వగలవు. వాటిని ‘దాతలు’ అందాము. కొన్ని ఆ హైడ్రోజన్‌ను పుచ్చుకోగలవు, అవి ‘గ్రహీతలు’. టి అక్షరానికి అదనంగా మిథైల్ అనే నూనె స్వభావం గల చిన్న బుడిపె ఉన్నది.

1976లో సీమన్, రోజెన్‌బర్గ్, రిచ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ గుర్తులను పట్టిక వేసి చూశారు. వెడల్పు గాడిలో ఎ-టి జంట వరుస ఇది: గ్రహీత, దాత, గ్రహీత, మిథైల్. అదే జంటను తిప్పి టి-ఎ చేస్తే మిథైల్, గ్రహీత, దాత, గ్రహీత. జి-సి జంటకు గ్రహీత, గ్రహీత, దాత, ఆ తరువాత బంధానికి పనికిరాని ఉత్త హైడ్రోజన్. సి-జి అయితే ఇదే వరుస తిరగబడుతుంది. నాలుగు జంటలకు నాలుగు వేర్వేరు సంతకాలు! ఇరుకు గాడిలోనైతే ఎ-టికీ, టి-ఎకీ తేడా తెలియదు. జి-సికీ, సి-జికీ తేడా తెలియదు. కనుక సరిగా చదవదలచిన ప్రోటీను వెడల్పు గాడిలోనే వేలు పెట్టాలి.

ప్రోటీను వైపు నుండి చూస్తే, ఆర్జినైన్ అనే ఎమినో ఆమ్లానికి పక్కపక్కనే రెండు దాతలు ఉన్నాయి. జి అక్షరంలోని పక్కపక్క గ్రహీతలు రెండింటికీ అది తాళంచెవిలా అమరుతుంది. గ్లుటమీన్, ఆస్పరజీన్‌లకు ఒక దాత, ఒక గ్రహీత ఉన్నాయి. అవి ఎ అక్షరానికి సరిపోతాయి. ఆ ముగ్గురూ కాగితంమీద ఊహించిన ఈ జోడింపులు ఆ తరువాత ఎక్స్-కిరణాలతో తీసిన ఎన్నో స్ఫటిక చిత్రాలలో నిజంగానే కనబడ్డాయి. డి.ఎన్.ఏ.ను పట్టుకొని ఉన్న ఎకో ఆర్-వన్ రూపాన్ని 1986లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రోజెన్‌బర్గ్ బృందమే ప్రకటించింది.

బాక్టీరియా తన డి.ఎన్.ఏ.కు వేసుకొనే రసాయన ముద్ర కూడా ఇప్పుడు అర్థమవుతుంది. ‘జి-ఎ-ఎ-టి-టి-సి’లో రెండవ ‘ఎ’ మీద ఒక మిథైల్ బుడిపెను తగిలిస్తుంది. దాతగా ఉండవలసిన చోట బుడిపె వచ్చి కూర్చొంటే, ఎకో ఆర్-వన్‌కు అది తన మాటగా తోచదు. సొంత ఇంటికి తాళం వేసుకోవడమంటే ఇదే.

ప్లేనోలో ఇల్లు వెదికినట్లు

చదవడం సరే, లక్షల అక్షరాల నడుమ తన మాట ఎక్కడ ఉన్నదో ఎంజైము ఎలా కనుక్కొంటుంది? ప్లేనోలో మొదటిసారి ఒక స్నేహితుని ఇంటికి సంక్రాంతి విందుకు వెళ్ళడాన్ని ఊహించుకోండి. కస్టర్ రోడ్డు పక్కనున్న వీధులలో ఇళ్ళన్నీ ఒకే రకం ఇటుకతో, ఒకే పోలికలో ఉంటాయి. ఊరిలో ఒక్కొక్క ఇంటినీ ఇష్టం వచ్చినట్లు ఎంచుకొని తలుపు తడుతూ పోతే పండుగ దాటిపోతుంది. మనమేం చేస్తాము? ఒక వీధిలోకి దిగి, కారు నెమ్మదిగా నడుపుతూ ఇంటి అంకెలు చూసుకొంటాము. దొరకకపోతే మరొక వీధిలోకి మళ్ళుతాము.

ఎంజైములు చేసేదీ ఇంచుమించు ఇదే. డి.ఎన్.ఏ. వెన్నెముక అంతా ఫాస్ఫేట్లు, వాటిది రుణావేశం. ఎంజైము అంచులలో ధనావేశం గల ఎమినో ఆమ్లాలు ఉన్నాయి. కనుక ఎంజైము డి.ఎన్.ఏ.పై ఎక్కడ పడినా కొంచెం అతుక్కొంటుంది. ఆ పట్టు వదులైనది. దానితో కొంత దూరం జారి, ఎగిరి పక్కన మరొకచోట వాలి మళ్ళీ జారుతుంది. 1982లో జాక్, టెర్రీ, మోడ్రిచ్ చేసిన ప్రయోగాలలో, మాటకు రెండు వైపులా ఉన్న పొడవైన డి.ఎన్.ఏ. వల్ల ఎకో ఆర్-వన్ తన చోటును త్వరగా చేరుకొంటున్నదని తేలింది. చుట్టూ ఉన్న వీధే ఇంటికి దారి చూపినట్లు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఎంజైము అన్ని చోట్లా అతుక్కొంటున్నదంటే అన్ని చోట్లా కత్తిరించే ప్రమాదం లేదా?

పట్టు ఒకటి, కోత ఒకటి

ఈ చిక్కుకు జవాబు ఎకో ఆర్-ఫైవ్ చెప్పింది. దీని మాట ‘జి-ఎ-టి-ఎ-టి-సి’. బ్రిటన్‌లో స్టీఫెన్ హాల్‌ఫోర్డ్ బృందం దీనిని కొలిచినప్పుడు వింతైన సంగతి బయటపడింది. మెగ్నీషియం లేని ద్రావణంలో ఈ ఎంజైము తన మాటనూ, తనది కాని డి.ఎన్.ఏ.నూ ఇంచుమించు ఒకే బలంతో పట్టుకొంటుంది. పట్టును మాత్రమే చూస్తే దీనికి తన, పర భేదం తెలియదనే చెప్పాలి. కాని మెగ్నీషియం చేర్చి కోత వేగాన్ని కొలిస్తే, ఒక్క అక్షరం మారిన ‘జి-టి-టి-ఎ-టి-సి’ దగ్గర కోత దాదాపు 10 లక్షల రెట్లు మందగించింది!

1993లో ఫ్రిట్జ్ వింక్లర్ బృందం ఎకో ఆర్-ఫైవ్ యొక్క రెండు స్ఫటిక చిత్రాలను పక్కపక్కన పెట్టి చూపింది. పరాయి డి.ఎన్.ఏ.ను పట్టుకొన్నప్పుడు ఆ డి.ఎన్.ఏ. నిటారుగానే ఉన్నది. తన మాటను పట్టుకొన్నప్పుడు మాత్రం డి.ఎన్.ఏ. నడుమ దగ్గర సుమారు 50 డిగ్రీలు వంగిపోయింది. ఆ వంపు వల్లనే తెగవలసిన ఫాస్ఫేటు ఎంజైము గర్భంలోకి జరిగి, అక్కడి ఆమ్ల సమూహాలతో కలిసి మెగ్నీషియంకు పీట వేస్తుంది. మెగ్నీషియం కూర్చొంటే నీటి అణువు చురుకెక్కి ఫాస్ఫేటు బంధాన్ని తెంచుతుంది. వంపు లేకపోతే పీట లేదు. పీట లేకపోతే కోత లేదు.

వంచడానికి శక్తి కావాలి. అది ఎక్కడిది? సరైన మాట దొరికినప్పుడు గాడిలో ఒక్కసారిగా ఏర్పడే హైడ్రోజన్ బంధాలే ఆ మూలధనం. ఎంజైము ఆ శక్తిని ఇంకా గట్టిగా పట్టుకోవడానికి దాచుకోకుండా, డి.ఎన్.ఏ.ను వంచడానికి ఖర్చుపెడుతుంది. ఒక అక్షరం తప్పితే బంధాలు కొన్ని తగ్గుతాయి. వంపుకు చాలినంత సొమ్ము ఉండదు. ఇంకొక విశేషం చూడండి. నడుమ ఉన్న ‘టి-ఎ’ అక్షరాలతో ఈ ఎంజైముకు నేరుగా సంబంధం చాలా తక్కువ. ‘టి’ తరువాత ‘ఎ’ వచ్చే మెట్టు డి.ఎన్.ఏ.లో అన్నిటికంటె సులభంగా వంగే చోటు. కనుక వంగిందా లేదా అన్నదే ఆ అక్షరాలను చదివే పద్ధతి. వెదురును వంచి చూసి లేతదో ముదురుదో చెప్పినట్లు!

ఎకో ఆర్-వన్ దారి కొంత వేరు. అది తన మాటను పరాయి డి.ఎన్.ఏ. కంటె ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకొంటుంది. ఇందులో నీటికి కూడా పాత్ర ఉన్నది. పరాయి డి.ఎన్.ఏ. మీద ఉన్నప్పుడు ఎంజైముకు, డి.ఎన్.ఏ.కు నడుమ నీటి పొర మిగిలి ఉంటుంది. తన మాట దొరికినప్పుడు ఆ నీరు పిండినట్లు బయటికి పోయి రెండూ అతుక్కుపోతాయి. 1996లో సిదొరోవా, రావ్ అనే పరిశోధకులు కొలిచినదాని ప్రకారం ఈ రెండు స్థితుల నడుమ తేడా సుమారు 110 నీటి అణువులు. కాని ఇక్కడ కూడా పట్టు, కోత రెండు వేర్వేరు మెట్లే. ఎకో ఆర్-వన్‌లో ఒక్క ఎమినో ఆమ్లాన్ని, 111వ స్థానంలోని గ్లుటమిక్ ఆమ్లాన్ని, గ్లుటమీన్‌గా మార్చితే, ఆ ఎంజైము తన మాటను ఇంకా గట్టిగా పట్టుకొంటుంది. కాని కత్తిరించడం దాదాపు మానివేస్తుంది.

ఈ కథ సారమంతా ఇక్కడే ఉన్నది. పట్టుకోవడం వేరు, గుర్తుపట్టడం వేరు. తాకిన ప్రతిచోటా పని జరగదు. సరైన చోట మాత్రమే ఎంజైమూ, డి.ఎన్.ఏ., మెగ్నీషియం, నీరు అన్నీ ఒక అమరికలోకి వస్తాయి. ఆ అమరికే గుర్తింపు.

బెంగుళూరు నుండి రెండు పాఠాలు, భీమవరం నుండి ఒక బాకీ

పరిసరాలు మారితే ఈ అమరిక సడలుతుంది కూడా. గ్లిసరాల్ ఎక్కువైనా, ఉప్పు తగ్గినా, మెగ్నీషియంకు బదులు మాంగనీసు వేసినా ఎకో ఆర్-వన్ ఒక అక్షరం తప్పిన మాటలను కూడా కత్తిరించడం మొదలుపెడుతుందని తెలిసింది. దీనికి విరుద్ధమైన ఉదాహరణ బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుండి వచ్చింది. ‘కె.పి.ఎన్.-వన్’ అనే ఎంజైము మాట ‘జి-జి-టి-ఎ-సి-సి’. మెగ్నీషియం ఉన్నప్పుడే ఇది దారితప్పి పరాయి మాటలనూ కత్తిరిస్తుంది. వి. నాగరాజ బృందం 2004లో, కాల్షియం ఇస్తే ఇది తన మాటను మాత్రమే కచ్చితంగా కత్తిరిస్తుందని చూపింది. చాలా కత్తెరలకు కాల్షియం అడ్డుపుల్ల. దీనికి మాత్రం అది క్రమశిక్షణ నేర్పే గురువు.

అదే సంస్థలో దేశిరాజు ఎన్. రావు బృందం మూడవ తరగతి కత్తెరలపై చిరకాలం పరిశోధించింది. ఇవి వికటకవి మాటలు కోరవు. ‘ఎకో పి-15-వన్’ అనే ఎంజైము మాట ‘సి-ఎ-జి-సి-ఎ-జి’. ఎటునుండైనా ఒకేలా ఉండదు. ఇటువంటి రెండు మాటలు ఎదురెదురు దిక్కులకు ముఖం పెట్టి ఉంటేనే, మాట నుండి 25–27 అక్షరాల దూరంలో కోత పడుతుంది. ఈ తరగతి ఎంజైములకు మెగ్నీషియం మాత్రమే చాలదు, ఎ.టి.పి. అనే ఇంధనం కూడా కావాలి. ఆ ఎ.టి.పి. నిజంగా ఖర్చయితేనే కోత జరుగుతుందని సాహా, రావు 1995లో నిరూపించారు. ఒక మాట కనబడగానే తొందరపడకుండా, రెండవ సాక్ష్యం దొరికిన తరువాతనే తీర్పు చెప్పే న్యాయాధికారి వంటిది ఈ ఎంజైము.

ఆ ఎ.టి.పి.ని 1929లో కండరాల నుండి కనుగొన్నవారిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దానిని కనుగొన్నాడు. ప్రాణమున్న ప్రతి కణానికీ ఇంధనమైన ఆ అణువే ఈ కత్తెరలకూ ఇంధనమని తెలిసేనాటికి సుబ్బారావుగారు లేరు. 1948లోనే వారు కన్నుమూశారు.

ఒక్క అక్షరం విలువ

ఇప్పుడు మొదట చెప్పిన కొడవలి కణం దగ్గరకు వద్దాము. హీమోగ్లోబిన్‌లోని బీటా గొలుసు జన్యువులో ఒక చోట ‘సి-సి-టి-జి-ఎ-జి-జి’ అని ఉండాలి. కొడవలి కణ వ్యాధిలో నడుమ ఉన్న ‘ఎ’ స్థానంలో ‘టి’ వస్తుంది: ‘సి-సి-టి-జి-టి-జి-జి’. దానితో ప్రోటీనులో గ్లుటమిక్ ఆమ్లం పోయి వాలీన్ వస్తుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఈ హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కొని కడ్డీలుగా పెరిగి రక్తకణాన్ని వంచివేస్తాయి.

‘ఎమ్.ఎస్.టి.-టు’ అనే రెస్ట్రిక్షన్ ఎంజైముకు కావలసినది ‘సి-సి-టి, ఏదైనా ఒక అక్షరం, ఆపై ఎ-జి-జి’. మామూలు జన్యువులో ఈ మాట ఉన్నది. వ్యాధి జన్యువులో లేదు. కనుక మామూలు జన్యువు ఆ చోట తెగి 1,150 అక్షరాల ముక్క వస్తుంది. వ్యాధి జన్యువు తెగక 1,350 అక్షరాల ముక్క మిగులుతుంది. 1982లో చాంగ్, కాన్ అనే వైద్య శాస్త్రజ్ఞులు ఈ పద్ధతితో గర్భస్థ శిశువులో వ్యాధిని నిర్ధారించవచ్చునని తెలిపారు. డి.ఎన్.ఏ.ను లక్షల రెట్లు పెంచే పి.సి.ఆర్. పద్ధతిని లోకానికి తెలియజేసిన 1985 నాటి వ్యాసం కూడా కొడవలి కణ నిర్ధారణపైనే. అందులో ఆఖరి తీర్పు రెస్ట్రిక్షన్ ఎంజైములదే. ఎంజైము కత్తిరించకపోవడమే ఇక్కడ వార్త. దాని నిరాకరణనే వైద్యుడు చదువుకొంటాడు.

ఈ వ్యాధి ఆఫ్రికా మూలాలవారికే పరిమితమని మనలో చాలామంది భావిస్తారు. 1952లోనే నీలగిరి కొండల గిరిజనులలో దీనిని గుర్తించారు. మన విశాఖ మన్యంలోను, భద్రాచలం, ఆదిలాబాద్ అడవులలోను నివసించే గిరిజన కుటుంబాలలో కూడా ఇది ఉన్నది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. వాహకులకు సాధారణంగా ఏ బాధా ఉండదు కనుక పరీక్ష చేయనిదే తెలియదు.

ముందుగా తెలుసుకోవడం వల్ల ఏమి లాభమో మన పొరుగున ఉన్న డాలస్ నగరమే చూపింది. టెక్సస్‌లో 1983 నుండి పుట్టిన బిడ్డలందరికీ రక్తపరీక్ష చేసి ఈ వ్యాధిని గుర్తిస్తున్నారు. ఈ తొలి పరీక్షలో చూసేది హీమోగ్లోబిన్‌ను, డి.ఎన్.ఏ.ను కాదు. అలా గుర్తించిన పిల్లలను డాలస్ వైద్యులు ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. 2004లో వారు ప్రకటించిన అంచనా ప్రకారం, తీవ్రమైన రకం గల పిల్లలలో 18 ఏళ్ళు దాటి బ్రతికేవారు నూటికి 85.6. 2010లో అదే అంచనా 93.9కి పెరిగింది. పుట్టగానే తెలియడం, పెన్సిలిన్, టీకాలు, క్రమం తప్పని వైద్యం, ఇవే ఆ మార్పుకు తోడ్పడిన సాధనాలు.

కొత్త కత్తెర, పాత సూత్రం

2012లో షార్పాంటియే, డౌడ్నా బృందాలు క్రిస్పర్-కాస్-9 అనే కొత్త కత్తెర పనితీరును వివరించాయి. 2020లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఇది కూడా ఫేజ్‌ల నుండి బాక్టీరియాను కాపాడే ఎంజైమే. ఇది 20 అక్షరాల ఆర్.ఎన్.ఏ. చీటీని చేతపట్టుకొని డి.ఎన్.ఏ.లో దానికి జోడీని వెదుకుతుంది. మొదట రెండు ‘జి’ అక్షరాలు పక్కపక్కన ఉన్న చోట ఆగుతుంది. వాటిని గుర్తించేది ఏది? వెడల్పు గాడిలో వేలు పెట్టిన రెండు ఆర్జినైన్‌లు! 1976 నాటి పట్టికే ఇక్కడా పనిచేస్తున్నది. ఆ తరువాత పోగులను విడదీసి ఒక్కొక్క అక్షరాన్ని చీటీతో సరిచూస్తుంది. కొన్ని అక్షరాలు కలిసినా పట్టుకొంటుంది. కాని జోడీ చాలినంతగా కుదిరితేనే దాని కత్తి భాగం తిరిగి కోత స్థానానికి వస్తుంది. పట్టుకోవడం వేరు, గుర్తుపట్టడం వేరన్న సూత్రం ఇక్కడ మరొక రూపంలో కనబడుతున్నది.

ఢిల్లీలోని సి.ఎస్.ఐ.ఆర్. జన్యు పరిశోధన సంస్థలో దేబొజ్యోతి చక్రవర్తి, సౌవిక్ మైతీ బృందం, ఫ్రాన్సిసెల్లా అనే బాక్టీరియా నుండి వచ్చిన కాస్-9 ఒక్క అక్షరపు తప్పును కూడా సహించదని గమనించి, దానినే వ్యాధి నిర్ధారణకు వాడుకొన్నది. 2020లో కోవిడ్ పరీక్షగా అనుమతి పొందిన ‘ఫెలూదా’ ఆ కృషి ఫలితమే. సత్యజిత్ రాయ్ సృష్టించిన అపరాధ పరిశోధకుని పేరు అది. కొడవలి కణపు ఒక్క అక్షరం తేడాను కూడా ఆ పద్ధతి పట్టగలదు.

2023 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం కొడవలి కణ వ్యాధికి ‘కాస్‌జెవీ’ అనే క్రిస్పర్ చికిత్సను అనుమతించింది. ఇది తప్పుపడ్డ అక్షరాన్ని దిద్దదు. బిడ్డ గర్భంలో ఉన్నప్పటి హీమోగ్లోబిన్‌ను అణచివేస్తున్న ఒక మీటను కత్తిరించి, ఆ పాత హీమోగ్లోబిన్ మళ్ళీ తయారయ్యేట్లు చేస్తుంది. దాని ధరగా ప్రకటించినది 22 లక్షల డాలర్లు. మన్యంలోని తల్లికి ఆ అంకె ఏ భాషలో చెప్పినా అర్థం కాదు.

అందుకే గుర్తింపు విలువ చికిత్స విలువకు తీసిపోదు. భారత ప్రభుత్వం 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో కొడవలి కణ వ్యాధి నిర్మూలన ఉద్యమాన్ని ప్రారంభించింది. 40 ఏళ్ళ లోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయడం, 2047 నాటికి వ్యాధిని అరికట్టడం దాని లక్ష్యాలు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. అమెరికాలోని మన తెలుగువారు స్వదేశంలో వైద్యశిబిరాలు నడపడంలో ఎప్పుడూ ముందుంటారు. ఆ శిబిరాలలో కళ్ళు, రక్తపోటు, చక్కెర పరీక్షలతో పాటు ఈ చిన్న రక్తపరీక్షను కూడా చేర్చడం పెద్ద భారం కాదు. పెళ్ళి సంబంధాలలో జాతకాలు చూసే అలవాటు మనకు ఉన్నది. వాటి పక్కన హీమోగ్లోబిన్ పరీక్ష కాగితం కూడా ఒకటి పెట్టుకొంటే, నాలుగింట ఒకటి అనే ఆ ప్రమాదం ముందే తెలుస్తుంది.

ఏ బాక్టీరియమో తన ప్రాణం కాపాడుకోవడానికి ఒక్క అక్షరాన్ని కూడా ఉపేక్షించకుండా చదవడం నేర్చుకొన్నది. ఆ చదువు ఇప్పుడు మన చేతికి వచ్చింది. మన బిడ్డల విషయంలో మనం కూడా అంత శ్రద్ధగా చదవాలి.